భట్టిప్రోలు దిబ్బ

తెనాలినుండి రేపల్లెకు బోవు రైలుమార్గమున భట్టిప్రోలను గ్రామము గలదు. మొన్నటి సెలవులలో మా యింటివారితో బోయి యచ్చటి బౌద్ధస్తూపమును జూచితిని. పైకి జూడ నది యిటుకల దిబ్బయే. పందొమ్మిదవ శతాబ్దమున కాలువ తూము కట్టుటకై దీని చలువరాళ్లను గొనిపోయిరి. విన్నప్పుడు నా కడుపు తరుగుకొనిపోయినది.

మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రీ దొరగారు త్రవ్వించిరి. గర్భమున మూడు రాతి కరండములు బయల్పడెను. వానిలో మణులతో జేసిన చిన్న బరిణెలు, ముత్యములు, బంగారు పూవులు నుండెను. కరండములపై క్రీస్తునకు బూర్వపు బ్రాహ్మీ లేఖనములు గలవు. వానిని బూలరను జర్మను పండితుడు చదివెను. కుబిరకుడను రాజు పేరును, దానము చేసిన గోష్ఠిలోని పురుషుల పేర్లును వరుసగా నందున్నవి.

ఆరుపలకల చిన్న స్ఫటికముపై మాత్రము నందపురపు స్త్రీల దానమని చెక్కబడియున్నది. సోదరీమణులారా, గోష్ఠివారు పేరుపేరున నిలిచిరి; ఆ తల్లులలో నొక్కతె పేరైనను లేదు. వారెందరో, ఏ యింటివారో! ఆ బంగారు పూవులలో వారి చెవికమ్మల బంగార మెంత గలదో!