సీఎండీ24, నాన్న ఫోటోలూ

మా ఇంటి బాల్కనీలోంచి మౌలాలి గుట్ట కనిపిస్తుంది. డైనింగ్ టేబుల్ నా లాబ్. 1967లో ఈసీఐఎల్ పెట్టిన దగ్గర్నుంచీ ఈ వైపు సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న మనుషులకి కొదవ లేదు లెండి. మా నాన్న మాత్రం రైల్వే. లోకో షెడ్‌లో చేసి రిటైరయ్యారు. పోయి రెండేళ్ళవుతోంది.

సరే, అసలు సంగతికొస్తా. నేను చేసే పని, బోర్డు మీద ఎస్‌డీ కార్డు సరిగ్గా మాట్లాడుతోందా లేదా చూడటం. మాట్లాడటం అంటే నిజంగా మాట్లాడటమే. 48 బిట్ల కమాండు వెళ్తుంది. అందులో 6 బిట్లు కమాండు నంబరు, 32 బిట్లు ఆర్గ్యుమెంటు, 7 బిట్లు సీఆర్‌సీ. సీఎండీ0 అంటే అన్నీ మర్చిపోయి మొదట్నుంచి మొదలెట్టమని. సీఎండీ8లో హెక్సా 1ఏఏ పంపిస్తే కార్డు అదే తిరిగి అప్పజెప్పాలి. 2006లో వచ్చిన 2.0 స్పెక్‌కి ముందు కార్డులైతే అసలు ఉలకవు, పలకవు. అదీ ఒక జవాబే! కొత్తగా చేరిన పిల్లలు ఆ టైమ్‌అవుట్ చూసి బగ్ అని రాసేస్తుంటారు. నేనూ రాశాను, ఒకప్పుడు.

మామూలుగా కార్డు పెట్టగానే లైనక్స్‌లో బ్లాక్ డ్రైవరు దాన్ని డిస్కులా చూపిస్తుంది. ఒక్కో కమాండూ విడిగా పంపాలంటే ఐఓసీటీఎల్ ఉంది, 2011లో కెర్నెల్ 3.0తో వచ్చింది. హోస్ట్ డ్రైవరునే పరీక్షించాలంటే ఎంఎంసీ టెస్ట్ అనే ఇంకో డ్రైవరు ఉంది. బ్లాక్ డ్రైవరు నుంచి కార్డుని విడదీసి దీనికి అప్పగించాలి. తర్వాత డీబగ్‌ఎఫ్ఎస్‌లో ఒక ఫైల్లోకి పరీక్ష నంబరు రాస్తే చాలు. కెర్నెల్ కాన్ఫిగరేషన్లోనే దాని పక్కన, హోస్ట్ డ్రైవరు రాసేవాళ్ళకి తప్ప ఇది ఎవరికీ అక్కర్లేదు, ఎక్కువమంది 'నో' అనండి అని రాసి ఉంటుంది. మనం వింటామా?

ఒక శుక్రవారం రాత్రి 1 నుంచి 4 దాకా పరీక్షలు నడిపాను. అన్నీ ఓకే. హాయిగా పడుకున్నాను.

పొద్దున్న అమ్మ అడిగింది, "ఒరే, టేబుల్ మీద పెట్టిన కార్డు తీశావా? నాన్న ఫోటోలున్నాయి, ఎక్కించమని చెప్పి నెల అవుతోంది కదరా."

టేబుల్ మీద కార్డు ఉంది. కానీ అది నా టెస్ట్ కార్డు. రెండూ నల్లవే, రెండూ 8 జీబీయే. బోర్డులో ఉన్నది నాన్నది. ఆయన ఆఖరి సంక్రాంతి, మనవరాలికి గాలిపటం ఎగరేయడం నేర్పిస్తున్న ఫోటోలు అందులో తప్ప ఇంకెక్కడా లేవు.

తీసి చూస్తే పక్కన లాక్ మీట కిందికి లాగి ఉంది. నాన్నే లాగి ఉంటారు, ఆయనకి అలాంటి జాగ్రత్తలెక్కువ. మరి ఎలా రాసింది? ఆ మీట సంగతి కార్డు లోపలి చిప్‌కి అస్సలు తెలీదు. అది వట్టి ప్లాస్టిక్ ముక్క. సాకెట్‌లో స్విచ్ ఉండి, హోస్ట్ దాన్ని చదివి, పై డ్రైవరు పట్టించుకోవాలి. నా బోర్డు సాకెట్‌లో ఆ వైరే లేదు.

లాప్‌టాప్‌లో పెడితే ఖాళీ. పార్టిషన్ లేదు. చేతులు చల్లబడ్డాయి. అమ్మకి మాత్రం "చూస్తున్నానమ్మా" అన్నాను.

ముందు మొత్తం కార్డుని డీడీతో ఇమేజ్ తీశాను. ఇలాంటప్పుడు కంగారులో ఫార్మాట్ నొక్కేవాళ్ళని చాలామందిని చూశాను. తర్వాత టెస్ట్ డ్రైవరు సోర్స్ తెరిచాను. ఈ పరీక్షలు సున్నా సెక్టారు నుంచే రాస్తాయి. అయిపోయాక శుభ్రం చేసే ఫంక్షను నాలుగు పేజీల బఫరంత మేర సున్నాలు నింపుతుంది. పేజీ 4 కేబీ అయితే 16 కేబీ, అంటే 32 సెక్టార్లు. ఇమేజ్‌లో చూస్తే సరిగ్గా 32 సెక్టార్లు సున్నాలు! పార్టిషన్ టేబుల్ ఉండేది మొదటి సెక్టార్లోనే కదా, అది పోయింది. కానీ ఇలాంటి కార్డుల్లో పార్టిషన్ సాధారణంగా 8192వ సెక్టారు దగ్గర మొదలవుతుంది. అక్కడికి వెళ్ళి చూశాను. ఫ్యాట్32 బూట్ సెక్టారు చెక్కు చెదరకుండా కూర్చుని ఉంది.

ఆఫ్‌సెట్ 41,94,304 ఇచ్చి ఇమేజ్‌ని మౌంట్ చేస్తే 212 ఫోటోలు. ఒక్కటీ పోలేదు.

నంబరు దగ్గర సున్నా కొట్టి ఉంటే అన్ని పరీక్షలూ వరసగా నడిచేవి. వాటిలో స్పీడు కొలిచేవి కార్డు నడిమధ్యకి వెళ్ళి మెగాబైట్ల కొద్దీ రాస్తాయి, చెరిపేస్తాయి కూడా. నాన్న కార్డు ముప్పాతిక నిండి ఉంది. ఆ రాత్రి నిద్రొస్తోందని నాలుగు నంబర్లతో ఆపాను, అంతే.

అమ్మకి జరిగింది చెప్పలేదు. ఫోటోలు టీవీలో పెట్టాను. గాలిపటం ఫోటో దగ్గర ఆపమంది, చాలాసేపు చూసింది. తర్వాత "ఈ చొక్కా ఇస్త్రీ చేసుకోమంటే వినలేదు చూడు" అంది.

నా టెస్ట్ కార్డు మీద ఇప్పుడు ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క ఉంది. మా అమ్మాయి పెట్టింది.