వేసవిలో విప్పిన మిల్లు

అనకాపల్లి నుండి చోడవరం వెళ్లే దారిలో తుమ్మపాల దాటితే చెరకు తోటలు పలకరిస్తాయి. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాగా ఉన్న ఈ ప్రాంతం ఇప్పుడు అనకాపల్లి జిల్లా. చెరకుతో ఈ నేలకున్న బంధం పాతది. అనకాపల్లి పరిశోధనా కేంద్రం 1913 నాటిది. మన దేశంలో మొట్టమొదటగా పెట్టిన నాలుగు సహకార చక్కెర కర్మాగారాలలో రెండు, తుమ్మపాల, ఏటికొప్పాక, ఇక్కడివే. చోడవరం రైతుల సహకార మిల్లు తరువాతి కాలంలో గోవాడలో వెలసింది.

గానుగ ఆడే రోజుల్లో మిల్లును చూచినవారు చాలామందే ఉంటారు. మేము మాత్రం ఒక వేసవిలో, విప్పి ఉన్న మిల్లును చూడబోయాము. అది ఏ ఊరి మిల్లో చెప్పనక్కరలేదు. పాత మిల్లులన్నింటి కథా ఒకటే.

లోపల క్రేను గొలుసులకు పెద్ద ఇనుప రోలర్లు వ్రేలాడుతున్నాయి. ఒక్కొక్కటి కొన్ని టన్నుల బరువు. ఇలాంటివి మూడు కలిస్తే ఒక మిల్లు. అటువంటి మిల్లులు వరుసగా నాలుగైదు ఉంటాయి. చెరకు ఒకదాని తరువాత ఒకదానిలో నలిగి, చివరకు పిప్పియై బయట పడుతుంది. రోలరు మీద నాగలిచాళ్లవలె గాడులుంటాయి. అవి పదునుగా ఉంటేనే చెరకును పట్టి లోపలికి లాగుతాయి. గడతో వచ్చే మట్టి, ఇసుక వాటిని ఆకురాయిలా అరగదీస్తాయి. రసంలోని పులుపు ఇనుమును తింటుంది. కోత సమయంలో వ్రేళ్ల మట్టి దులిపి పంపమని ఫీల్డుమేన్లు చెప్పేది ఊరికే కాదు.

అరిగిన రోలరును లేతు మీద తిప్పి, మళ్లీ గాడులు కోస్తారు. కోసిన ప్రతిసారీ అది కొంచెం సన్నబడుతుంది. మరీ సన్నబడితే పై తొడుగు తీసివేసి, కొత్త తొడుగును వేడిచేసి ఇరుసుకు ఎక్కిస్తారు. బండిచక్రానికి కమ్మీ వేయడం చూచినవారికి ఇది తెలిసిన పనే! అయితే ఇరుసు సంగతి వేరు. ఏళ్ల తరబడి బరువు మోస్తూ తిరిగిన ఇరుసులో కంటికి కనబడని పగులు పుడుతుంది. చెవికి వినబడని ధ్వనితరంగాలను పంపి దానిని కనుగొనాలి. పట్టణాలలో పిల్లలెక్కే రోలర్ కోస్టర్ల ఇరుసులకూ ఇటువంటి పరీక్షలే చేస్తారు. అమెరికాలోని అల్టూనాలో 1902లో కట్టిన కొయ్య రోలర్ కోస్టర్ 1985లో మూతబడి, బాగుచేసిన మీదట 1999లో మళ్లీ తిరిగింది. అంటే వయసును చూచి యంత్రాన్ని నిందించకూడదు. విప్పి చూచేవారు ఉన్నారా అన్నది చూడాలి.

చూడకపోతే ఏమవుతుంది? సీజను మధ్యలో ఒక బేరింగు కాలిందనుకోండి. మిల్లు ఆగుతుంది. మిల్లు ఆగితే పిప్పి రాదు. పిప్పి లేకపోతే బాయిలరుకు మంట లేదు. ఇక మళ్లీ ఆవిరి లేపేవరకు అంతా నిలిచిపోవలసిందే. బయట యార్డులో ట్రాక్టర్లు, బండ్లు బారులు తీరి ఉంటాయి. కోసిన చెరకు ఒక్కరోజులోనే ఎండి తూకం తగ్గుతుంది, లోపలి పంచదార విరిగిపోతుంది. కాటా దగ్గర తగ్గిన ఆ బరువు ఏ పుస్తకంలోనూ మరమ్మతు ఖర్చుగా వ్రాయబడదు. అది రైతు ఇంటి లెక్కలో పడుతుంది. ఆ రాత్రి ఎడ్లకు మేత, కూలీలకు భోజనం కూడా అతనిదే.

డబ్బు కటకటగా ఉన్న సంవత్సరం మొదట కోత పడేది వేసవి మరమ్మతులకే. రోలరు మరొక్క సీజను లాగుతుందిలే అంటారు. ఒక్కొక్కప్పుడు లాగుతుంది కూడా, అదే చిక్కు.

సహకార సంఘంలో వాటా ఉన్నవారు సర్వసభ్య సమావేశంలో ఒక ప్రశ్న వేయవచ్చును: ఈ వేసవిలో ఎన్ని రోలర్లు విప్పారు, ఎన్ని ఇరుసులు పరీక్షించారు? చెరకు ధర ఎంత అని అడిగే ముందే ఇది అడగాలని మా అభిప్రాయం.