ఆలస్యానికి కారణం

ఖరగ్‌పూర్‌లోని ఖరిదాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలావాటి చరిత్ర రైల్వే జీతంతో మొదలవుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో ఉత్తరాంధ్ర నుంచి వర్క్‌షాపు పనికి తరలివచ్చినవారి వారసులు వీరు. 1927 నాటి సమ్మెలో ఆ కార్మికుల పక్షాన నిలిచిన వి.వి. గిరి అనంతరకాలంలో రాష్ట్రపతి అయ్యారు. ఈ పట్టణానికి రాజకీయ చైతన్యం పాతదే. జరిగినదాన్ని రాసిపెట్టే అలవాటూ పాతదే.

రైలు నడపడంలో సగం పని రాయడమే. బండి ఎన్ని గంటలకు చేరింది, ఎన్ని నిమిషాలు ఆగింది, ఎందుకు ఆగింది అన్నది గార్డు నమోదు చేస్తాడు. ఆ ఆలస్యం ఏ విభాగం ఖాతాలో పడాలన్నదానిపై పెద్ద తగవే నడుస్తుంది. సిగ్నల్ వారు ఇంజను వారి మీదికి, ఇంజను వారు ట్రాఫిక్ వారి మీదికి నెట్టజూస్తారు. అయినా గడియారం చూసి అప్పుడే వేసిన అంకె ముందు వాదనలు ఎంతోసేపు నిలవవు.

ఇంటికి చేరాక అదే ఉద్యోగి తన దినానికి లెక్క రాసుకోడు. కొడుకును అకారణంగా కసిరినది, యూనియన్ సమావేశంలో అన్యాయమని తెలిసీ నోరు మెదపనిది, అన్నీ జ్ఞాపకానికి వదిలేస్తాడు. జ్ఞాపకం యజమాని పక్షపాతి. ఆరు నెలలు గడిచేసరికి పిరికితనం లౌక్యంగా, మౌనం ఓర్పుగా మారిపోతాయి. (నాయకుల ఆత్మకథలు చదివేవారికి ఈ మార్పిడి సుపరిచితమే.)

గాంధీకి ఈ సంగతి తెలుసు. 1930లో దండికి తనతో నడిచినవారికి ఆయన ప్రార్థన, నూలు వడకడంతో పాటు రోజూ డైరీ రాయడాన్నీ నియమంగా పెట్టారు. ఉప్పు చట్టాన్ని ధిక్కరించబోయేవాడు ముందు తనకు తాను జవాబుదారీ కావాలన్నది అందులోని తర్కం. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతకు ముందే 13 సుగుణాల పట్టిక గీసుకొని, తప్పిన చోటల్లా నల్లచుక్క పెట్టుకున్నాడు. క్రమబద్ధత అనే గడి తనను చివరిదాకా ఓడించిందని ఆత్మకథలో ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు వల్లనే మిగిలిన పట్టిక నమ్మదగినదయింది.

ఖరిదాలో మరో చిక్కు ఉంది: ఏ భాషలో రాయాలి? ఉద్యోగపు కాగితాలు ఇంగ్లిషువి, బజారు మాట హిందీ, బెంగాలీలది. తెలుగు ఇంట్లో వినబడుతుంది గాని తరం మారేకొద్దీ చేతిరాతలో కనబడడం తగ్గుతోంది. వాడుక తెలుగు కోసం పోరాడిన గురజాడ అప్పారావు సైతం డైరీలను ఎక్కువగా ఇంగ్లిషులోనే రాసుకున్నారు గనుక దీన్ని నేరమనడం అన్యాయం. అయితే గురజాడకు రెండు భాషలూ లొంగాయి. ఆఫీసు ఇంగ్లిషు మాత్రమే వచ్చినవాడు ఆ భాషలో తన గురించి రాసుకుంటే అది సంజాయిషీ నోటీసుకు జవాబులా తయారవుతుంది. కర్త మాయమై 'కొన్ని కారణాల వలన' మిగులుతుంది. అమ్మ తిట్టిన భాషలో అలా తప్పించుకోవడం కష్టం. అక్షరదోషాలున్నా, ఉత్తరాంధ్ర యాసలో ఉన్నా ఫరవాలేదు, అక్కడ దిద్దే మాస్టారెవరూ లేరు.

పద్దు పొడవుగా ఉండనక్కరలేదు. గార్డు రాసినంతే చాలు: సాయంత్రం ఏడు గంటలు. మీటింగు. చెయ్యెత్తవలసింది, ఎత్తలేదు. కారణం: భయం.