అమ్మీ వజన్ కూడా రాసుకున్నా

"మేరా భీ వజన్ లిఖే క్యా రే?" అంది అమ్మీ, నా భుజం మీదుగా కాగితంలోకి తొంగిచూసి. నాకు సిగ్గేసింది. రాశాను మరి. అమ్మీ, 140 పౌండ్లు.

గుంటూరు నుంచి అమ్మీ మా డాలస్ ఇంటికి వచ్చి నెలయింది. ఈద్ సెలవుల్లో అందరం కలిసి పాలో డ్యూరో లోయకి సఫర్ అనుకున్నాం. మా పాత క్యాంపర్‌లో నలుగురికి మించి పట్టరు. పిల్లలకి అంతస్తుల మంచాలున్న పెద్ద క్యాంపర్ ఒకటి చూసి, బయానా కూడా ఇచ్చేశాను. మా పికప్పు 9,200 పౌండ్లు లాగుతుందని కంపెనీ పుస్తకంలో ఉంది. కొత్త క్యాంపర్ సామానుతో సహా ఎంత నింపినా 7,600 దాటకూడదు. "ఇంకా 1,600 మిగులు, బేఫికర్‌గా వెళ్లండి" అన్నాడు అమ్మేవాడు. నేనూ ఖుషీగా తలూపాను.

రాత్రి నిద్ర పట్టలేదు. అబ్బా గుర్తొచ్చాడు. మిర్చి బస్తాల లోడుతో గిద్దలూరు ఘాట్ మీదుగా నంద్యాలకి లారీ తోలినవాడు. బయలుదేరే ముందు కిందకి వంగి కమాన్ కట్టల్నే చూసేవాడు. ఇంజను లాగుతుందా లేదా అని ఎప్పుడూ ఫికర్ పడలేదు.

తెల్లారి పికప్పు డ్రైవరు తలుపు తీసి, లోపల అంచున అతికించిన పసుపు, తెలుపు చీటీ చదివాను. మనుషులూ సామానూ కలిపి 1,640 పౌండ్లు దాటరాదు. అసలు హిసాబ్ అక్కడుంది. లాగడం వేరు, మోయడం వేరు. ట్రెయిలర్ తన బరువంతా సొంత చక్రాల మీదే ఉంచుకోదు. నూటికి పది నుంచి పదిహేను వంతులు ముక్కు ద్వారా మన బండి మీద మోపుతుంది. పదమూడు వంతులే వేసుకున్నా 7,600కి 988. హిచ్చి సామాను 80. మేం అయిదుగురం 690. వెనక తొట్టిలో దేగ్చీ, గ్యాసు పొయ్యి, బియ్యం, కట్టెలు 150. అంతా కలిపితే 1,908. చీటీ కంటే 268 ఎక్కువ.

"సామానంతా క్యాంపర్ వెనక భాగంలో పెట్టేస్తే ముక్కు తేలికపడుతుందిగా?" అంది బేగం. తేలికపడుతుంది, కానీ ముక్కు మరీ తేలికైతే హైవే మీద ట్రెయిలర్ పాములా ఊగుతుంది, వెనకనుంచి బండినే ఊపేస్తుంది. బరువుని సర్దే హిచ్చి ముందు చక్రాలకి కొంత పంచుతుంది గానీ, చీటీ మీది అంకెని పెంచదు.

పోనీ, 7,600 దాకా ఎందుకు నింపుతాం అనుకుందామా? ఆ తసల్లీ కూడా మిగల్లేదు. మా పాత క్యాంపర్ ఖాళీ బరువు 3,900 అని కాగితాల్లో ఉంది. పోయినేడు ట్రక్కుల కాటా మీద తూపిస్తే 4,700. నీళ్లే గాలనుకి 8.3 పౌండ్లు, నలభై గాలన్లు నింపితే 330 పైమాటే. వంటసామాను, పరుపులు, జానిమాజులు ఎవరూ లెక్క రాసుకోరు. పైగా పాలో డ్యూరోలో పార్కులోకి దిగే రోడ్డు నూటికి పదడుగుల వాలు. అక్కడ బ్రేకులకి జిద్ చెప్పి ఫాయిదా లేదు.

"అయితే నన్నొదిలేసి పోండి బేటా. ఇల్లు చూసుకుంటా" అంది అమ్మీ. నవ్వుతూనే అంది. ఆమె బరువు తీసేసినా ఇంకా 128 ఎక్కువే ఉంటుంది, కానీ ఆ మాట ఆమెకి చెప్పలేదు. చెబితే తీసివేత వేసి చూశానని తెలిసిపోతుంది.

బయానాలో సగమే వాపసిచ్చారు. బేగం రెండు రోజులు మాట్లాడలేదు. పెద్దోడు "అబ్బా, పెద్ద ట్రక్కు కొందాం" అన్నాడు, పైసలు చెట్లకి కాస్తాయన్నట్టు.

పాత క్యాంపర్‌తోనే వెళ్తున్నాం. మంచం అమ్మీకి. పిల్లలకి బయట వేసుకోవడానికి గుడారం కొన్నాను. డబ్బా మీద 18 పౌండ్లని ఉంది, అదీ రాసుకున్నా.