మీదే ఊరండీ?

కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లని చూశారూ, ఆ ఇంట్లో అందరికీ ఆ అమ్మాయి తెలుసు. పేరు తెలుసు, చదువు తెలుసు, జడెంత పొడుగో కూడా తెలుసు. పాపం, ఆ పిల్లకి మాత్రం ఎవరూ తెలియదు. "నేనెవరో చెప్పుకో చూద్దాం" అని ఓ పెద్దావిడ నవ్వుతూ ఎదురుగా నిలబడితే, పెద్దత్తగారో మేనత్తగారో తేల్చుకోలేక, ఎందుకైనా మంచిదని వంగి దణ్ణం పెట్టేస్తుంది.

నవలలు రాసేవాళ్ళ పరిస్థితీ సరిగ్గా అంతే. సీరియల్ మొదలైన మూడో వారానికల్లా ఎక్కడెక్కడి వాళ్ళకో మనం తెలిసిపోతాం. మనకే పూలిష్టమో, అత్తగార్ల మీద మన అభిప్రాయమేమిటో, దేనికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటామో అన్నీ వాళ్ళకి తెలుసు. వాళ్ళెవరో మనకి తెలియదు. చదివేవాళ్ళెవరో తెలియకుండా రాయటమంటే చీకట్లో వడ్డించటమే! ఎవరి విస్తట్లో ఏం పడుతోందో, ఎవరికి ఉప్పు చాల్లేదో ఎలా తెలుస్తుంది?

మా అమ్మ తరంలో ఈ పరిచయాలన్నీ పోస్టులోనే జరిగేవి. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నాలుగు దశాబ్దాలకు పైగా సాగిన శీర్షిక అది. వంటల దగ్గర్నుంచి సంసారంలో చిక్కుల దాకా, పక్కింటావిడతో చెప్పుకోలేని సంగతులు ఎక్కడో మద్రాసులో ఉన్న ఆవిడకి రాసుకునేవారు. ముఖం తెలియని మనిషి దగ్గరే మనసు విప్పటం తేలిక కాబోలు.

మా అమ్మ కూడా ఒకసారి ఒక రచయిత్రికి కార్డు రాసింది. సీరియల్లో కథానాయికకి జబ్బు చేసింది, ఆ పిల్లని చంపవద్దని. పిల్ల బతికింది! అది తన కార్డు మహిమేనని అమ్మకి గట్టి నమ్మకం. నేను రచయిత్రినయ్యాక, "నీ కార్డు అందేసరికే ముందు వారాల కథ పత్రికాఫీసుకి చేరిపోయి ఉంటుందమ్మా" అని చెప్పి చూశాను. "నీకేం తెలుసు? ఆ రాసింది నువ్వా?" అంది. ఇక నేను మాట్లాడలేదు. పాఠకురాలి నమ్మకం ముందు బి.ఏ. పట్టాలు ఏపాటి?

నా మొదటి నవల 2009లో వచ్చింది. అప్పటికింకా కార్డులు వచ్చేవి. కొందరు పేరు రాస్తారు, ఊరు రాయరు. పోస్టు ముద్ర చూద్దామా అంటే అలుక్కుపోయి, కాటుక చెరిగినట్టుంటుంది. అడుగున పిన్‌కోడుంటే మాత్రం నాకు పండగే. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ పిన్‌కోడు పద్ధతికి రూపం ఇచ్చిన శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ గారు తపాలా శాఖలో అధికారే కాదు, సంస్కృతంలో కవి కూడా. కవులు లెక్కలు వేస్తే ఇంత ముచ్చటగా ఉంటుందన్నమాట! మొదటి అంకె 5 అయితే మన రెండు తెలుగు రాష్ట్రాలో, కర్ణాటకో. మొదటి మూడూ 516 అయితే కడప వైపు, 533 అయితే గోదావరి తూర్పు గట్టు, 504 అయితే ఆదిలాబాదు. చివరి మూడూ ఏ పోస్టాఫీసో చెబుతాయి. ఆరంకెలతో ఆవిడ వీధి దాకా వెళ్ళగలం. గుమ్మం మాత్రం దాటలేం.

ఇప్పుడా ముచ్చటా పోయింది. కథ చివర రచయిత ఫోను నంబరు వేస్తున్నారు. ఆదివారం సంచికలో కథ పడిందంటే ఇక ఆ రోజు మా ఇంట్లో పప్పు మాడాల్సిందే. పొద్దున్న ఆరింటికి మొదటి ఫోను. తెల్లవారుజామునే లేచి పేపరు చదివేది రిటైరైన మాస్టార్లే కనుక, అది కచ్చితంగా వాళ్ళదే అయి ఉంటుంది. కథ బాగుందని ఒక్క మాట, మూడో పేజీలో అచ్చుతప్పుందని పది మాటలు. చివర్లో "ఆశీర్వచనం తల్లీ" అంటారు చూడండి, దానికి ఎన్ని అచ్చుతప్పులైనా ఒప్పేసుకోవచ్చు.

తొమ్మిదింటికి ఇంకో రకం. "మీ ఇంటిపేరేమిటండీ?" అని మొదలెట్టి, పుట్టింటి వారెవరు, మేనమామలది ఏ ఊరు అని మెల్లగా చుట్టుకుంటూ వస్తారు. అసలు వాళ్ళకి కావలసిందేమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. "కథ కింద ఉన్న పేరు చాలదుటండీ?" అంటాను నవ్వుతూ. నొచ్చుకుని పెట్టేసిన వాళ్ళున్నారు, సిగ్గుపడి మళ్ళీ చేసినవాళ్ళూ ఉన్నారు. మళ్ళీ చేసినవాళ్ళతో స్నేహం ఇప్పటికీ సాగుతోంది.

నేను రాసినదంతా మా ఇంట్లో జరిగిందేనని నమ్మేవాళ్ళది మూడో రకం. ఓ నవలలో భర్తని తాగుబోతుగా చిత్రించాను. నేను స్నానానికి వెళ్ళినప్పుడు మావారు ఫోనెత్తితే, అవతల ఓ పెద్దావిడ, "ఇప్పుడు మానేశావా నాయనా?" అని అడిగింది. కాఫీ తప్ప ఏదీ ఎరగని ఈయన బిక్కమొహం వేసుకుని, "మానేశానండీ" అని చెప్పేశారు. "చల్లగా ఉండు, ఆ పిల్లని బాగా చూసుకో" అని దీవించి పెట్టేసిందట.

ఇలా ఎన్నాళ్ళని వాళ్ళు అడగటం, నేను చెప్పటం? అందుకని ఓ పద్ధతి పెట్టుకున్నాను. కథ గురించి రెండు మాటలయ్యాక, "మీదే ఊరండీ?" అని నేనే అడుగుతాను. చూస్తూండగానే గొంతు మారిపోతుంది. అంతదాకా పరీక్ష పేపరు అప్పజెప్పినట్టు మాట్లాడిన మనిషి, చెప్పులిడిచి చాప మీద కూర్చున్నంత హాయిగా మొదలెడుతుంది. ఖరగ్‌పూర్ నుంచి చేసే ఓ అమ్మమ్మగారిని అలాగే ఎరుగుదును. వాళ్ళ మామగారు రైల్వే ఉద్యోగానికని శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి, అక్కడే ఉండిపోయారట. మనవరాలు తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. కథ పడినప్పుడు ఈవిడ పైకి చదువుతుంది, ఆ పిల్ల వింటుంది. అది తెలిసినప్పట్నుంచి, రాసిన ప్రతి వాక్యాన్నీ ఓసారి పైకి చదువుకుని చూసుకుంటున్నాను. ఆవిడకి ఊపిరాడాలి కదా!

ట్రూకాలర్‌లో టైర్ల షాపనో ఎరువుల కొట్టనో పేరొస్తుంది. ఎత్తితే ఓ ఆడగొంతు, "మావారు బయటికెళ్ళారండీ, అందుకని చేశాను" అంటుంది. మన ఆడవాళ్ళకి ఫోనున్నా అది ఎవరో ఒకరి పేరు మీదే ఉంటుంది. మాట్లాడుకునేందుకు వేళా ఎవరో ఒకరు బయటికెళ్ళినప్పుడే దొరుకుతుంది.

ఆ మధ్య ఓ మధ్యాహ్నం రెండున్నరకి అలాంటి ఫోనే వచ్చింది. నెమ్మదైన గొంతు. భర్త కొట్టే దెబ్బలకి తాళలేక, చంటివాణ్ణి ఎత్తుకుని గుమ్మం దిగే అమ్మాయి కథ నాది, అంతకు ముందు వారమే అచ్చయింది. ముగింపు బాగుందని చాలామంది మెచ్చుకున్నారు. ఈవిడ మెచ్చుకోలేదు.

"ఆ అమ్మాయి ఇంట్లోంచి వచ్చేసిందని రాశారు కదండీ, ఆ రాత్రి ఎక్కడ పడుకుంది?" అంది.

అది కథ గురించి అడుగుతున్న ప్రశ్న కాదని నాకు అర్థమైంది. అలవాటుకొద్దీ "మీదే ఊరమ్మా?" అన్నాను. "ఊరు చెప్పనండీ" అంది.

సరే, ఊరక్కరలేదు. ఏ ఊళ్ళో ఉన్నా పనికొచ్చేవి చెప్పాను. 181కి చేస్తే ఏ వేళలోనైనా ఆడవాళ్ళకి సాయం అందుతుందన్నాను. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయనీ, పిల్లలతో సహా కొద్దిరోజులు తలదాచుకోవచ్చనీ చెప్పాను. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం, ఇల్లు ఎవరి పేరున ఉన్నా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు భార్యకి ఉందనీ, గుమ్మం దిగటమొక్కటే దారి కాదనీ చెప్పాను. "రాసుకోండమ్మా" అన్నాను.

"రాస్తే కనబడుతుందండీ. గుర్తుపెట్టుకుంటాను" అంది. ఒకటి, ఎనిమిది, ఒకటి అని రెండుసార్లు మెల్లగా అనుకుంది, చిన్నపిల్ల ఎక్కం వల్లె వేసినట్టు. "మీరు మాత్రం చెయ్యకండి. నేనే చేస్తాను" అని పెట్టేసింది.

ఇది జరిగి మూడు నెలలు దాటింది. నా ఫోనులో ఆవిడ నంబరు 'ఊరు చెప్పని ఆవిడ' అన్న పేరుతో ఉంది. ఎన్నోసార్లు దాని మీదకి వేలు పోయింది. నొక్కలేదు. అవతల ఎవరెత్తుతారో! నా ఆత్రం తీరటం కోసం చేసే ఒక్క ఫోను, ఆవిడకి ఏం తెచ్చిపెడుతుందో నాకు తెలియదు. పేరు తెలియదు, ఊరు తెలియదు, ఎంతమంది పిల్లలో తెలియదు. అయినా ఇన్నేళ్ళలో నాకు పరిచయమైన వాళ్ళందరిలోకీ నాకెక్కువ తెలిసిన మనిషి ఆవిడేనని ఒక్కోసారి అనిపిస్తుంది.

చదివేవాళ్ళని తెలుసుకోవటమంటే కూపీ లాగటం కాదు. కొందరు వచ్చీరాగానే వంటింట్లోకొచ్చి పీట వాల్చుకుంటారు. కొందరు హాల్లో కూర్చుని కాఫీ తాగి వెళతారు. కొందరు గేటు దగ్గరే నిలబడతారు. అలా నిలబడ్డవాళ్ళని చెయ్యిపట్టుకుని లోపలికి లాగకూడదు. అలాగని తలుపూ వెయ్యకూడదు.

ఇప్పుడు రాస్తున్న నవలలోనూ ఓ అమ్మాయి ఇల్లు వదిలి వస్తుంది. ఆ రాత్రి ఎక్కడ పడుకుందో, పిల్లవాడికి పాలెవరిచ్చారో, తెల్లారి ఏ తలుపు తట్టిందో అన్నీ రాశాను. నవల నాలుగు పేజీలు పెరిగింది. పెరగనివ్వండి.

ఈ వ్యాసం చివరా నా నంబరుంటుంది కదా, చెయ్యండి. మావారు ఎత్తితే కంగారుపడకండి, ఆయన మానేశారు. నా రాత సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ సంగతులు చెప్పండి. ఊరు చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే మానెయ్యండి. ఒక్కటే మనవి. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా మాత్రం చెయ్యకండి. ఆ వేళ లైను ఖాళీగా ఉంచుతున్నాను. ఒకావిడ చేస్తానంది.