తరుగుదల

బ్యాంకులో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి. బి.కామ్‌లో నేర్చుకున్న తరుగుదల లెక్కలు నాకు అన్నం పెట్టాయి. ఆ లెక్కల్లో ఒక తమాషా ఉంది. ఏటేటా మిగిలిన విలువ మీద శాతం తగ్గించుకుంటూ పోతే, వస్తువు విలువ తరుగుతూనే ఉంటుంది కాని ఎన్నటికీ సున్నా కాదు. మా పాత మెటడార్ వ్యాను దెబ్బతిన్నప్పుడు గాని ఆ మాటకు అర్థం నాకు పూర్తిగా తెలియలేదు.

1974లో మా నాయన కోయంబత్తూరులో కొన్న బండి అది. పూణేలోని బజాజ్ టెంపో వారి తయారీ. పొల్లాచ్చి, ఉడుమలపేట, పళని చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళలో పెళ్ళి జరిగితే పెళ్ళివారి సామాను అందులోనే వెళ్ళేది. 2023లో అవినాశి రోడ్డు మీద పైవంతెన పని జరుగుతుండగా, ఒక టిప్పరు లారీ వెనక్కి వస్తూ దాని ముఖం నొక్కేసింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

ఇన్సూరెన్సులో రాసిన విలువ 80,000 రూపాయలు. మొదటి వర్క్‌షాపు అంచనా 68,000. మరమ్మతు ఖర్చు రాసిన విలువలో 75 శాతం, అంటే 60,000 దాటితే పాలసీ ప్రకారం అది ‘టోటల్ లాస్’. “డబ్బు తీసుకుని బండి వదిలేయండి సార్” అన్నాడు సర్వేయరు. లెక్క ప్రకారం ఆయన మాట సబబే. ఇంట్లో చెబితే అమ్మ ఒక్కటే అంది: “మీ నాయన బండిని పాత ఇనుమువాడి తక్కెట్లో పెడతావా?”

వింటేజ్ బండి అని ఎక్కువ విలువ అడగవచ్చు కదా అన్నాడో స్నేహితుడు. 2002 నాటి మోటారు టారిఫ్‌లో, ముందే విలువ ఖాయం చేసి కోత లేకుండా చెల్లించే పాలసీ 1940 డిసెంబరు 31కి ముందు తయారైన కార్లకే. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషనుకు యాభై ఏళ్ళు దాటాలి. మా బండికి అప్పటికి 49. దాటినా, ఆ రిజిస్ట్రేషనుతో ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప మామూలుగా తిప్పకూడదు. మాది పెళ్ళిళ్ళకు తిరిగే బండి.

ఉక్కడంలో ఒక టింకర్ పనివాడు దొరికాడు. డెబ్బై దాటిన పెద్దాయన, మనవాడే. “కొత్త ముఖం ఎక్కడా దొరకదు సామీ. రేకు తెచ్చియ్యి, చేత్తో కొట్టిస్తాను” అన్నాడు.

ఇక్కడ నా కామర్స్ చదువు అక్కరకొచ్చింది. పదేళ్ళు దాటిన బండికి ఇనుప విడిభాగాల ధరలో సగం కోస్తారు. రంగు సామగ్రిలోనూ సగం పోతుంది. అద్దానికి కోత లేదు, కూలికీ లేదు. చేత్తో చేయించిన పని కూలి పద్దులోకి వస్తుంది. పని మొదలుపెట్టక ముందే సర్వేయరును పిలిచి చూపించి కొత్త అంచనా ఇచ్చాను. కూలి 31,000, రేకు, ఇనుప సామాను 12,000, అద్దం 5,000, రంగు సామగ్రి 6,000. మొత్తం 54,000. గీత దాటలేదు. కోతలు పోను 45,000, కాంపల్సరీ ఎక్సెస్ 2,000 తీసి 43,000 చేతికొచ్చాయి. నా జేబులోంచి 11,000 పోయాయి. ఏళ్ళ తరబడి క్లెయిము లేనందుకు వస్తున్న 50 శాతం బోనసూ పోయింది. లారీ మీద ట్రిబ్యునల్‌కు వెళ్ళే దారి ఉంది గాని, అమ్మ వయసు చూసి ఆ నిరీక్షణ వద్దనుకున్నాను.

మీలో పాత బండి ఉన్నవాళ్ళకు ఒక్క మాట. మొదటి అంచనాయే చివరిది కాదు. పద్దు పద్దుగా విడదీసి చూడండి. ప్రతి బిల్లూ దాచండి. సర్వేయరు చూడకుండా ఒక్క బోల్టు కూడా విప్పవద్దు.

పెద్దాయన ఆరు వారాలు పనిచేశాడు. ముందు అట్టలు కత్తిరించి నమూనాలు చేసుకుని, వాటిమీద బొగ్గుతో ‘ఎడమ’, ‘కుడి’ అని తెలుగులో రాసుకున్నాడు. చిన్నప్పుడు పల్లె బడిలో నేర్చిన అక్షరాలట. ఆ తర్వాత ఆ బడిలో తెలుగు తీసేశారట. పిల్లలకు ఈ పని నేర్పలేదా అని అడిగితే, “వాళ్ళు బెంగుళూరులో కంప్యూటర్ల దగ్గర ఉన్నారు సామీ” అని నవ్వాడు.

పని అయ్యాక అట్టలు పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడవి మా అటక మీద ఉన్నాయి.