మా నీళ్ల గోడు, స్పానిష్‌లో

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు మా ఊరు. పదో తరగతి దాకా ఊళ్లో తెలుగు మీడియం, ఇంటర్ దేవరకొండలో. 2018లో హైదరాబాద్ తార్నాకలోని ఇఫ్లూలో బీఏ స్పానిష్‌లో చేరాను. 1958లో ఇంగ్లిష్ బోధన కోసం మొదలై, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన చోటు అది. స్పానిష్ వస్తే హైటెక్ సిటీలో కొలువు దొరుకుతుందన్నారు. ఆ ఆశతోనే వెళ్లాను. ఆ చదువులో పడ్డ కష్టం, ఆ భాష చివరికి నాకు దక్కిన తీరు నా వెనక వచ్చే పిల్లలకు తెలియాలని ఇది రాస్తున్నాను.

మొదట్లో స్పానిష్ ఊరటగానే ఉండింది. రాసినట్టే చదవచ్చు. అచ్చులు ఐదే. త, ద మన నాలుక పలికేవే. క్రియను బట్టే ఎవరు చేశారో తెలుస్తుంది కాబట్టి మన తెలుగులో లాగే 'నేను', 'నువ్వు' అని ప్రతిసారీ అనక్కర్లేదు. కష్టమంతా నడుమ ఉన్న ఇంగ్లిష్‌తోనే. నిఘంటువు ఇంగ్లిష్‌లో, వ్యాకరణం వివరణ ఇంగ్లిష్‌లో. ఒక స్పానిష్ మాటకు ఇంగ్లిష్ అర్థం చూసి, ఆ ఇంగ్లిష్ మాటకు మళ్లీ తెలుగు అర్థం చూసుకునేసరికి క్లాసు ముందుకు వెళ్లిపోయేది. హాస్టల్లో అందరూ పడుకున్నాక వరండా లైటు కింద కూర్చుని ఆ బాకీ తీర్చుకునేదాన్ని.

అంతకంటే పెద్ద కష్టం ఇంకొకటి ఉండేది. కొత్త భాష ఎక్కడ నేర్పినా ముందు ఇల్లు, తిండి, సెలవుల గురించే మాట్లాడిస్తారు. పాఠాల్లోని కుటుంబాలు సెలవులకు సముద్రం ఒడ్డుకు వెళ్లేవి, హోటల్లో గది తీసుకునేవి. 'మీ నాయనమ్మ గురించి చెప్పు' అంటే గొంతు పెగిలేది కాదు. పుస్తకంలోని ముసలమ్మ తోటపని చేస్తుంది, మనవలకు తీపి వండుతుంది. మా నాయనమ్మను చెప్పే మాటలు ఆ పాఠాల్లో లేవు.

నాయనమ్మ నడుము వంగి, మెడ బిగుసుకుపోయి ఉండేది. పిలిస్తే తల తిప్పి చూడలేదు. కర్ర మీద బరువు మోపి, అడుగు మార్చుకుంటూ మనిషి మనిషంతా ఇటు తిరిగేది. చేతులు పైకి లేవవు గనుక తల నేనే దువ్వి కొప్పు ముడిచేదాన్ని. కింద కూర్చుంటే ఇద్దరం కలిసి లేపాలి. అయినా పొద్దున్నే పొయ్యి దగ్గర స్టూలు వేసుకుని, నిలువుగా చాచుకోలేని చేత్తోనే అన్నం కలియబెట్టేది.

ఆమెను అలా వంచింది మా నీళ్లే. మా కాళ్ల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. బావులు ఎండి, బోర్లు లోతుకు దించినకొద్దీ రాతిలో ఏళ్ల తరబడి నానిన నీళ్లే పైకి వచ్చాయి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మా వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పిల్లల పళ్లకు గోధుమరంగు చారలు పడతాయి. అవే నీళ్లు ఏళ్లకేళ్లు తాగితే ఎముకలు ముదిరి, కీళ్లు బిగుసుకుని, వెన్నులో నరాలు నలిగి కాళ్లు పడిపోతాయి. వంగిన ఎముకను తిరిగి నిలబెట్టే మందు లేదు. మంచినీళ్లు ఇవ్వడమే దారి. కృష్ణ మా జిల్లా అంచునే పారుతుంది, నాగార్జునసాగర్ మా జిల్లాలోనే ఉంది. ఆ నీళ్లు మాత్రం మా మెట్టకు ఎక్కలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. హాస్టల్ ఖాళీ చేసి ఊరికొచ్చాను. క్లాసులు ఫోన్లో. ఇంట్లో సిగ్నల్ రాదు, ఊరి వెనక గుట్ట ఎక్కితే వస్తుంది. ఎండలో కొంగు నెత్తిన కప్పుకుని, బండ మీద కూర్చుని వినేదాన్ని. స్పెయిన్ వాళ్ల వేగం ఒకటి, మెక్సికో వాళ్ల సాగదీత ఒకటి, అర్జెంటీనా వాళ్లు 'య'ని 'ష'లా పలికే తీరు ఇంకొకటి. గదిలో కూర్చుని వింటేనే అందనివి, మధ్యమధ్య తెగిపోతుంటే ఏం పట్టుకోను?

ఆ ఎండాకాలమే నాయనమ్మ కాళ్లు చచ్చుబడ్డాయి. బస్సుల్లేవు. నాన్న బండి మీద నడుమ కూర్చోబెట్టి, వెనక నేను పట్టుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాం. నరం నలిగింది, ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదన్నారు. అప్పటి నుంచి మంచమే. ఒళ్లు తుడవడం, పుండ్లు పడకుండా అటూ ఇటూ ఒత్తిగిలించడం అమ్మా నేనూ పంచుకున్నాం. రాత్రుళ్లు ఆమె మంచం పక్కన చాప మీద కూర్చుని పాఠం పైకి చదివేదాన్ని. నిద్ర పట్టక వింటుండేది.

ఒక రాత్రి అడిగింది.

"ఏం భాష బిడ్డా అది?"

"స్పానిష్, నాయనమ్మా. సముద్రం అవుతల మస్తు దేశాలల్ల మాట్లాడుతరు."

"ఆడ నీళ్లు మంచిగుంటయా?"

ఏం చెప్పాలో తోచలేదు. రెండేళ్లుగా చదువుతున్నా ఆ దేశాల నీళ్ల సంగతి నేనెప్పుడూ వినలేదు. మరునాడు గుట్టెక్కి వెతకడం మొదలుపెట్టాను. పాఠం కోసం కాకుండా, ఇంటికి జవాబు తీసుకుపోవాలని స్పానిష్ చదవడం అదే మొదలు.

మెక్సికోలో దురాంగో, అగ్వాస్‌కాలియెంతెస్, హలిస్కో మెట్ట ప్రాంతాల బోరు నీళ్లలోనూ ఫ్లోరైడ్ ఉందని చదివాను. అక్కడి పిల్లల పళ్ల ఫొటోలు చూస్తే మా బడి పిల్లల్ని చూసినట్టే ఉంది. ఎముక, కీలు, బోరు, బిందె, నొప్పి. ఈ మాటలన్నీ నేను కంఠతా పట్టకుండానే నా నోటికొచ్చాయి. రాత్రి నాయనమ్మకు చెప్తే చాలాసేపు పలకలేదు. "గంత దూరంల గూడ గిదే తిప్పలా?" అంది.

అక్కడి నుంచి రోజూ ఒక నీళ్ల ముచ్చట ఆమెకు బాకీ పడ్డాను. స్పెయిన్‌లో వాలెన్సియా ఊరుంది. ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి గుమ్మం ముందు రైతులు ఎన్నుకున్న ఎనిమిది మంది కూర్చుని కాలువ నీళ్ల తగాదాలు తీరుస్తారు. వాదనలన్నీ నోటి మాటే, అదీ వాళ్ల సొంత వాలెన్సియన్ భాషలో. 2009లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఇది చెప్తే నాయనమ్మ మొహం విప్పారింది. మా చెరువు నిండిన కాలంలో నీరటి తూము ఎత్తి, వంతులేసి మడి మడికీ నీళ్లు పారించేవాడట. పెద్ద రైతు అడిగినా వంతు తప్పేవాడు కాదట. బొలీవియాలో కోచబాంబ జనం 2000లో నీళ్లను కంపెనీకి అప్పజెప్పొద్దని వీధుల్లోకొచ్చారని చెప్పినప్పుడు మాత్రం ఒక్కటే అడిగింది: "గెలిచిండ్రా?" గెలిచారు. ఆ ఒప్పందం రద్దయింది.

మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో కథలు కూడా ఆ రోజుల్లోనే చదివాను. 1953లో వచ్చిన ఆయన సంపుటిలో, సర్కారు పంచిన భూమి చూడ్డానికి పేద రైతులు నడిచిపోయే కథ ఒకటుంది. ఇచ్చింది గడ్డి మొలవని గట్టినేల. అందులో నీళ్లు లేవంటే అధికారి కాగితం మీద రాసివ్వమంటాడు. అది చదువుతుంటే మా వైపు భూదానం గుర్తొచ్చింది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చి భూదానం మొదలుపెట్టిన పోచంపల్లి మా ఉమ్మడి నల్లగొండలోదే. తర్వాత దేశమంతటా దానంగా వచ్చిన భూముల్లో సాగుకు పనికిరానివి ఎన్నో. నీళ్లు లేని భూమి పట్టా చేతికిస్తే రైతుకు ఏం మిగులుతుందో ఆ మెక్సికో కథ మా ఊరి మనిషి చెప్పినంత తేటగా చెప్పింది.

2021లో, కరోనా రెండో విడత రోజుల్లో నాయనమ్మ పోయింది. ఆఖరి ఏడాది మౌఖిక పరీక్ష ఆ తర్వాతే. పర్యావరణం గురించి మాట్లాడమన్నారు. నేను నల్లగొండ నీళ్లు ఎత్తుకున్నాను. నీళ్ల కోసం జలసాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేస్తే 1996లో నల్లగొండ లోక్‌సభ ఎన్నికకు 480 మంది అభ్యర్థులయ్యారని, బ్యాలెట్ పుస్తకమంత అయిందని, ఎన్నికే వాయిదా పడిందని చెప్పాను. మా మండలం శివన్నగూడెం అంశల స్వామి తన వంగిన దేహాన్నే సాక్ష్యంగా పెట్టి ఊరూరా తిరిగిన సంగతి చెప్పాను. (ఆయన 2023 జనవరిలో కన్నుమూశారు.) చివరికి నాయనమ్మ దగ్గరికొచ్చాను. స్పానిష్‌లో రోజూ జరుగుతుండేదానికి ఒక భూతకాలం, ఒక్కసారి జరిగి తీరిపోయినదానికి ఇంకో భూతకాలం. ఆ తేడా నన్ను ఎంతో ఏడిపించింది. ఆ రోజు నీళ్లు మోసేది, వండేది, మాకు పెట్టేది అని ఒక కాలంలో, కాళ్లు పడిపోయాయి, చనిపోయింది అని మరో కాలంలో తడుముకోకుండా వచ్చేశాయి. గొంతు వణికింది. మాట మాత్రం ఆగలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులో మెక్సికో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం చేస్తున్నాను. మా ఊరికి మిషన్ భగీరథ నల్లా వచ్చింది. మా అన్న పిల్లల పళ్లకు చారలు లేవు.

సెలవు రోజుల్లో జిల్లాల నుంచి వచ్చి విదేశీ భాషలు చదివే పిల్లలు కలుస్తుంటారు. వాళ్లను చూస్తే మా హాస్టల్లోని పాలమూరు స్నేహితురాలు గుర్తొస్తుంది. అమ్మానాన్నలు పుణెలో మట్టిపనికి వలస పోయినవాళ్లు. 1942 నుంచి 1964 దాకా మెక్సికో కూలీలను అమెరికా పొలాలకు తరలించిన బ్రసెరో పథకం గురించి చదివాకే ఆమె స్పానిష్ నోరు విప్పింది. ఆమెనూ నన్నూ కలిపి చూసి ఆ పిల్లలకు చెప్తాను: పుస్తకంలోని సముద్రం ఒడ్డు కూడా నేర్చుకోండి, పరీక్షకు కావాలి. కానీ మీ ఇంట్లో ఏ బాధ మిమ్మల్ని నిద్రపోనివ్వదో దాన్ని ఆ భాషలో వెతకండి. అక్కడా అదే పడ్డవాళ్లు ఉంటారు. వాళ్ల మాటలే మీకు భాష నేర్పుతాయి. పాఠం చెప్పే పెద్దలను అడిగేదీ ఒకటే: ఎండిన బత్తాయి తోట గురించి, ముంబై బస్సెక్కిన నాన్న గురించి ఆ పిల్లలు తప్పులతోనైనా చెప్పబోతే, ముందు చివరిదాకా వినండి. వ్యాకరణం తర్వాత దిద్దవచ్చు.